మారుమూల మాదాపూర్

తెలంగాణలో ప్రభుత్వ డాక్టర్ ఉద్యోగం చేయడానికి అన్నిటికంటే కష్టమైన చోటు ఏది? అడవుల్లోని తిర్యాణి అంటారు మీరు. జైనూర్ అంటారు, ఏటూరునాగారం అంటారు. జీతపు బిల్లు చూసినవాడు అలా అనడు. ఆ బిల్లు ప్రకారం ఈ రాష్ట్రంలో మనిషి బతకడానికి అత్యంత దుర్భరమైన మారుమూల ప్రాంతం మాదాపూర్. 2021 వేతన సవరణలో ఇంటి అద్దె భత్యం హైదరాబాద్‌కు 24 శాతం, కాస్త పెద్ద పట్టణాలకు 17, చిన్న పట్టణాలకు 13, పల్లెలకు 11. లక్ష రూపాయల మూలవేతనం ఉన్న డాక్టర్ హైటెక్ సిటీ పక్కనే కొండాపూర్ ఆస్పత్రిలో పనిచేస్తే అద్దె కింద నెలకు 24 వేలు వస్తాయి. అదే డాక్టర్‌ను తిర్యాణికి పంపితే 11 వేలు. అడవిలోకి వెళ్లిన నేరానికి నెలకు 13 వేల జరిమానా అన్నమాట. ఏ కోర్టూ వేయలేదు, ఏ అప్పీలూ లేదు.

లెక్కల సారు వెంటనే అడ్డు తగులుతాడు. "నగరంలో అద్దెలెక్కువండీ, అందుకని!" నిజమే. కొండాపూర్‌లో రెండు బెడ్‌రూముల ఫ్లాట్ అద్దె ఎంతో, తిర్యాణిలో ఎంతో ఆయనకు బాగా తెలుసు. తిర్యాణిలో అద్దెకిచ్చే ఫ్లాటే లేదన్న సంగతి, ఆస్పత్రి వెనకున్న క్వార్టర్ తలుపుకు గొళ్లెం ఊడిపోయిందన్న సంగతి, పిల్లను చదివించాలంటే హైదరాబాద్‌లో రెండో కాపురం పెట్టాలన్న సంగతి ఆయన పట్టికలో గడి లేక మిగిలిపోయాయి. ఏజెన్సీలో చేసేవాళ్లకు వేరే భత్యం ఉంది కదా అని కూడా అంటాడు. ఉంది. అది చూసి మాదాపూర్ వదిలి అడవిదారి పట్టిన డాక్టర్ల క్యూ మాత్రం ఇప్పటిదాకా ఎక్కడా కనబడలేదు.

మనుషుల్ని ఒకచోటికి రప్పించి నిలబెట్టడం మన ప్రభుత్వాలకు చేతకాదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. 1998 నవంబర్‌లో ప్రధాని వాజ్‌పేయి వచ్చి సైబర్ టవర్స్ ప్రారంభించినప్పుడు చుట్టూ ఉన్నవి బండరాళ్లు, తుమ్మచెట్లు. అక్కడికి ఎవరొస్తారని ఆ రోజు నవ్వినవాళ్లున్నారు. భూమి ఇచ్చారు, రోడ్డేశారు, కరెంటు పోకుండా చూశారు, అనుమతులన్నీ ఒకే కిటికీలో ఇచ్చారు, ఊరిచుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు తిప్పారు. బడులొచ్చాయి, మాల్స్ వచ్చాయి, మెట్రో వచ్చింది. ఇంజినీర్లు వచ్చారు. వచ్చినవాళ్లు పోకుండా కంపెనీలు జాయినింగ్ బోనస్ అన్నాయి, రిటెన్షన్ బోనస్ అన్నాయి, రాత్రి షిఫ్టు చేసే ఆడపిల్లను ఇంటి గుమ్మం దాకా దింపడానికి క్యాబ్ పెట్టి, అందులో గార్డును కూర్చోబెట్టాయి. ఇరవై మంది రాజీనామా చేస్తే హెచ్ఆర్ మేనేజర్‌కు నిద్ర పట్టదు. ఎందుకు పోతున్నారో అడగడానికి ఎగ్జిట్ ఇంటర్వ్యూ అని ఒక తతంగం పెట్టి, టిష్యూ పేపర్ల డబ్బా కూడా బల్లమీద ఉంచుతారు.

మరి డాక్టర్ పోతే? ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేరిన డాక్టర్ ఏడాదికే మాయమైతే ఎందుకు పోయావమ్మా అని అడిగిన నాథుడు లేడు. ఆమె పేరు ఉద్యోగుల జాబితాలోంచి ఖాళీల జాబితాలోకి మారుతుంది, అంతే. రాత్రి ఎనిమిదికి తాగొచ్చినవాడు బల్ల గుద్ది బూతులు తిడితే ఆపడానికి వాచ్‌మన్ పోస్టు మంజూరు కాలేదు. డ్యూటీ గదికి మరుగుదొడ్డి ఉంది గాని నీళ్లు లేవు. ఇంజినీరు నిలవాలంటే క్యాబ్ కావాలి, డాక్టర్ నిలవాలంటే మనస్సాక్షి ఉంటే చాలు! డాక్టర్స్ డే వచ్చిందంటే ప్రతి వేదిక మీదా వైద్యుడు నారాయణుడే. మన ఊళ్లో నారాయణుడికైనా ముందు గుడి కట్టి, ఆ తర్వాతే ప్రతిష్ఠ చేస్తాం. ఈ నారాయణుణ్ని మాత్రం క్వార్టర్ కట్టకుండానే ప్రతిష్ఠించి, ఎందుకు నిలవలేదయ్యా అని శాపనార్థాలు పెడతాం.

నిలవని నారాయణులు ఎలా తిరుగుతారో చూడాలంటే పొద్దున ఏడింటికి నగర శివారులోని అప్పా జంక్షన్‌కు రండి. అక్కడ ఫ్లైఓవర్ కింద ఒక కారు ఆగుతుంది. డ్రైవింగ్ సీట్లో అనాటమీ, పక్కన పిల్లల వైద్యం, వెనక గైనకాలజీ, ఫార్మకాలజీ, మధ్యలో ఇరుక్కుని కమ్యూనిటీ మెడిసిన్. పెట్రోలు ఖర్చు తలా ఇంత. కారు మొయినాబాద్ దాటి, చేవెళ్ల దారిలో మర్రిచెట్ల నీడలో వికారాబాద్ వైపు పోతుంది. గైనకాలజీ ఒళ్లో ల్యాప్‌టాప్ బ్యాగు కాదు, ఉప్మా డబ్బా. ఇంట్లో తినే తీరిక దొరకలేదు. ఇలాంటి కార్లే ఇంకొన్ని పటాన్‌చెరు మీదుగా సంగారెడ్డికి, ఘట్‌కేసర్ మీదుగా జనగామకు పోతాయి. దీన్ని మన భాషలో అప్ అండ్ డౌన్ అంటారు. పొద్దున పది దాకా అప్, మధ్యాహ్నం రెండు నుంచి డౌన్. నడుమ దొరికిన నాలుగు గంటలే జిల్లా ప్రజల ఆరోగ్యం. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి సాయంత్రానికి ఇల్లు చేరగలిగిన చోటు వరకు తెలంగాణలో వైద్యం ఉంది. ఆ దూరం దాటిందా, ఇక ఉన్నది నోటిఫికేషనే.

వీళ్లను తిట్టడం తేలిక. పేపర్లో జిల్లా ఎడిషన్‌వాళ్లు నెలకోసారి తిడుతూనే ఉంటారు, "వైద్యుల డుమ్మా" అని శీర్షిక కూడా అచ్చులో రెడీగా ఉంటుంది. కానీ ఆ గైనకాలజీ భర్త గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్. ప్రభుత్వ బదిలీల్లో స్పౌజ్ అనే వెసులుబాటు ఉంది. భార్యాభర్తలిద్దరూ సర్కారు ఉద్యోగులైతే పక్కపక్కన వేయమని అడగొచ్చు. మరి భర్త పనిచేసే కంపెనీని వికారాబాద్‌కు బదిలీ చేయమని ఎవరికి అర్జీ పెట్టాలి? రాష్ట్రంలోని మంచి ఉద్యోగాలన్నిటినీ పది కిలోమీటర్ల ఐటీ కారిడార్‌లో కుక్కినవాళ్లే, ఆ ఉద్యోగాల పక్కన కాపురముంటున్న డాక్టరమ్మను ఊరిమీద ప్రేమ లేదా అని అడుగుతున్నారు.

సరే, డాక్టర్లు జిల్లాలకు పోకపోతే జిల్లాల్లోనే డాక్టర్లను పండిద్దాం అన్నారు పెద్దలు. జిల్లాకో మెడికల్ కాలేజీ. మంచి ఆలోచనే, వెక్కిరించను. వెక్కిరించాల్సింది ఆ తర్వాతి తొందరను. 2022 నవంబర్ 15న ఎనిమిది కాలేజీలు ఒక్కరోజే మొదలయ్యాయి. 2023 సెప్టెంబర్ 15న ఇంకో తొమ్మిది. ఆసిఫాబాద్, భూపాలపల్లి, నిర్మల్ కూడా అందులో ఉన్నాయి. రెండుసార్లూ అప్పటి ముఖ్యమంత్రి హైదరాబాద్ ప్రగతి భవన్‌లో కూర్చుని ఆన్‌లైన్‌లో ప్రారంభించారు. ప్రభుత్వం మారింది, పద్ధతి మారలేదు. 2024లో మరో ఎనిమిది వచ్చి మొత్తం 34 అయ్యాయి. 2025లో జాతీయ వైద్య కమిషన్ వచ్చి లెక్క చూసి, 26 కాలేజీలకు షోకాజ్ నోటీసులిచ్చింది: పాఠం చెప్పేవాళ్లేరీ అని. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటే ఇదివరకు సామెత, ఇప్పుడు అడ్మిషన్ల ప్రకటన. సర్కారు వారు సర్దుకుంటామన్నారు, సీట్లు నిలిచాయి. ముఖ్యమంత్రి ఆన్‌లైన్‌లో ప్రారంభించిన కాలేజీకి ప్రొఫెసర్ మాత్రం ఒళ్లు మోసుకుంటూ రావాలనడం ఏం న్యాయం?

పాఠాలు చెప్పేవాళ్లను పట్టుకోవడానికి కమిషన్ మన కారిడార్ దారే తొక్కింది. వేలిముద్రల్ని నమ్మలేక 2025 మే నుంచి ముఖం చూపే హాజరు పెట్టింది. సెల్‌ఫోన్ ముందు నిలబడాలి, కాలేజీ ఆవరణలోనే ఉన్నానని జీపీఎస్ సాక్ష్యం చెప్పాలి. బ్రహ్మాండమైన యాప్. ముఖం వచ్చిందో లేదో క్షణంలో చెబుతుంది. ఆ ముఖంతోపాటు చేతులు వచ్చాయా, అవి ఒక్క రోగినైనా ముట్టుకున్నాయా అన్నది తర్వాతి వెర్షన్‌లో వస్తుందేమో. హైటెక్ సిటీలో ఇంకో చిట్కా కూడా దొరుకుతుంది: టెలీమెడిసిన్. ఈ-సంజీవని పేరుతో కేంద్రం నడిపేదే, పనికొచ్చేదే. ఊళ్లో నర్సమ్మ కూర్చుంటుంది, తెరమీద దూరపు డాక్టర్ కనబడతాడు. బీపీ మాత్ర మార్చడానికి భేష్. అడ్డం తిరిగిన బిడ్డను మాత్రం ఇంతవరకు ఏ తెరా బయటికి తీయలేదు.

అలాంటప్పుడు ఏం చేస్తారంటారా? మన ప్రభుత్వ వైద్యంలో అన్నిటికంటే శక్తిమంతమైన మందు ఒకటుంది, ఏ ఫార్మసీలోనూ కొరత రాదు. దాని పేరు రెఫర్. తిర్యాణి గుట్టల్లో పురిటినొప్పులు మొదలవుతాయి. ఆరోగ్య కేంద్రంలో అటెండర్ తప్ప ఎవరూ లేరు. "సారు మీటింగుకు పోయిండు పెద్దమ్మా, ఆసిఫాబాద్ తీస్కపోండ్రి" అంటాడు. ఆసిఫాబాద్‌లో గైనకాలజిస్టు ఉంటే మత్తు డాక్టర్ లేడు, మంచిర్యాలకు రెఫర్. అక్కడ మత్తు డాక్టర్ ఉంటే పుట్టబోయే బిడ్డకు వెంటిలేటర్ ఖాళీ లేదు, హైదరాబాద్‌కు రెఫర్. ప్రతి మజిలీలో ఒక కాగితం, కాగితం మీద ఒక ముద్ర, ముద్ర కింద ఎవరికీ అర్థం కాని సంతకం. దాదాపు మూడు వందల కిలోమీటర్లు 108లో కుదుపులు తిని, తెల్లారేసరికి ఆ తల్లి రాజధానిలో తేలుతుంది. డాక్టర్ ఊరికి రాలేదని బాధపడతారెందుకు, ఊరే డాక్టర్ దగ్గరికి వస్తోంది కదా! గాంధీ ఆస్పత్రి ముందు ఫుట్‌పాత్ మీద అన్నం గిన్నెలు పెట్టుకుని కూర్చున్న చుట్టాలను ఏ ఊరని అడిగి చూడండి, మీకు తెలంగాణ పటం మొత్తం దొరుకుతుంది.

రోగుల వెనకే డబ్బూ వస్తుంది. 2007లో ఆరోగ్యశ్రీ పెట్టినప్పుడు పేదవాడికి కార్పొరేట్ ఆస్పత్రి తలుపు తెరుచుకుంది. దానివల్ల బతికిన ప్రాణాలున్నాయి, కాదనలేం. 2023 డిసెంబర్‌లో ఆ పథకంలో వైద్య ఖర్చు పరిమితి పది లక్షలకు పెరిగింది. ఆ డబ్బుతో జిల్లా ఆస్పత్రిలో గుండె డాక్టర్‌ను నిలబెట్టే కష్టం తప్పింది. గచ్చిబౌలి మొదలు కొండాపూర్, హైటెక్ సిటీ దాకా చూడండి: ఏఐజీ, కాంటినెంటల్, కేర్, కిమ్స్, మెడికవర్, యశోద. అన్నీ కొద్దిపాటి దూరాల్లో. సర్కారు కాలేజీలో, జనం పన్నులతో చదివిన డాక్టర్ నగరంలోని అద్దాల భవనానికి వెళ్లాడు. అతను వదిలేసిన ఊరి రోగి నగరానికి వచ్చాడు. బిల్లు సర్కారే కట్టింది. ఒక్క డాక్టర్‌కు రెండుసార్లు డబ్బు కట్టి ఒక్కసారీ మన దగ్గర ఉంచుకోలేని యజమాని ప్రపంచంలో ఇంకెవరున్నారు? అదీ సక్రమంగా కడుతున్నారా అంటే, బకాయిలు తీర్చలేదని 2025 సెప్టెంబర్‌లో ప్రైవేటు ఆస్పత్రులు ఆరోగ్యశ్రీ సేవలు ఆపేశాయి.

పోనీ కారిడార్‌లో ఉన్నవాళ్లందరికైనా ఈ డాక్టర్లు అందుతున్నారా? మైండ్‌స్పేస్‌లో నేల తుడిచే అక్క రోజంతా ఆ ఆస్పత్రుల అద్దాలు చూస్తూనే ఉంటుంది. ఆమె జీతంలో ముప్పావు శాతం ఈఎస్ఐకి కోస్తారు, కంపెనీ ఇంకో మూడుంపావు వేస్తుంది. జబ్బు చేస్తే డిస్పెన్సరీ, అక్కడినుంచి సనత్‌నగర్ ఈఎస్ఐ ఆస్పత్రి. జీతం 21 వేలు దాటితే కొన్నాళ్లకు ఆ హక్కూ పోతుంది. ఆమె పక్కింట్లో ఉండేది పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రీ, అతనికి ఏ కార్డూ లేదు; కాలు విరిగితే కొండాపూర్ సర్కారు ఆస్పత్రి ఓపీ లైన్లో నిలబడాల్సిందే. లైన్లో నిలబడి తల పైకెత్తితే పొరుగునున్న కార్పొరేట్ ఆస్పత్రి బోర్డు కనిపిస్తుంది. డాక్టర్ల కొరత అంటే పల్లెకూ పట్నానికీ మధ్య ఉన్న దూరమనే నేర్పారు మనకు. ఇక్కడ ఆ దూరం రోడ్డు దాటినంత.

ఒక్కసారి మాత్రం కారిడార్‌లో సర్కారు వైద్యం కాలరెగరేసింది. 2020 ఏప్రిల్‌లో, కరోనా భయంలో, గచ్చిబౌలిలో క్రీడాకారుల కోసం కట్టిన టవర్‌ను వారాల్లో 1,500 పడకల టిమ్స్ ఆస్పత్రిగా మార్చారు. నోటిఫికేషన్లు పరుగెత్తాయి, నర్సులొచ్చారు, ఆక్సిజన్ పైపులొచ్చాయి. సర్కారు తలుచుకుంటే ఎంత వేగంగా పనిచేయగలదో లోకం చూసింది. కరోనా తగ్గింది, తలుచుకోవడం కూడా తగ్గింది. 2022 ఏప్రిల్ 26న సనత్‌నగర్, కొత్తపేట, అల్వాల్‌లలో కొత్త టిమ్స్‌లకు శంకుస్థాపనలు జరిగాయి. అవీ హైదరాబాదే!

ఇప్పుడు డాక్టర్లను బలవంతాన కదిలించే కొరడా సంగతి. 2014లో పీజీ పూర్తయినవాళ్లు ఏడాదిపాటు గ్రామీణ సేవ చేసి తీరాలన్నప్పుడు జూనియర్ డాక్టర్లు సమ్మెకు దిగారు. ఊళ్లకు పోనన్న బద్ధకస్తులని లోకం తిట్టింది. వాళ్లన్నదేమిటంటే, ఏడాది తాత్కాలికం వద్దు, ఖాళీలున్నాయిగా, పక్కా ఉద్యోగం ఇవ్వండి, పోతాం అని. అది హెడ్డింగుకు పనికిరాని మాట. 2024 జూన్‌లో మళ్లీ సమ్మె చేశారు. ఈసారి అడిగింది ఏమిటో తెలుసా? స్టైపెండ్ నెలనెలా ఇవ్వమని. నెలాఖరుకు జీతం పడకపోతే ఐటీ కుర్రాడు మర్నాడు లింక్డిన్ తెరుస్తాడు. డాక్టర్ కుర్రాడు ధర్నా టెంటు వేస్తాడు. 2022 జూన్‌లో కొత్తగా చేరే సర్కారు డాక్టర్లు ప్రైవేట్ ప్రాక్టీసు చేయకూడదని రూలు తెచ్చారు. రూలులో తప్పు లేదు. పాతవాళ్లకు వర్తించదు, కొత్తవాళ్లకు దానికి సరిపడా అదనం లేదు. అంటే త్యాగం కూడా జూనియర్లదే.

2024 జూలైలో నాలుగేళ్లు ఒకేచోట ఉన్నవాళ్లను కదిలించే బదిలీలు జరిగాయి. ఉస్మానియాలో, గాంధీలో గగ్గోలు. ఎవరు కదిలారో, ఎవరి సేవలు "అత్యవసరం" అయి డిప్యుటేషన్ మీద తిరిగొచ్చారో ఆ కారిడార్లలో అటెండర్లనడిగితే వేళ్లమీద చెబుతారు. పోస్టు ఒకచోట, జీతం ఒకచోట, మనిషి ఇంకోచోట: వర్క్ ఫ్రమ్ హోమ్‌ను ఐటీ కంపెనీలు కనిపెట్టాయనుకుంటాం గాని, దశాబ్దాల కిందటే మన వైద్య శాఖ దాన్ని డిప్యుటేషన్ పేరుతో అమలు చేసింది.

బయటి దేశాలు దీన్ని ఎలా నెగ్గుకొచ్చాయో పెద్ద రహస్యం కాదు. థాయిలాండ్‌లో చదువు అయ్యాక మూడేళ్లు సర్కారు సేవ తప్పదు, కానీ ఊరు ఎంత లోపలికి ఉంటే భత్యం అంత ఎక్కువ. పల్లె పిల్లలనే ఎంచి, పల్లె దగ్గరే చదివించి, అక్కడే ఉద్యోగమిచ్చే దారి కూడా పెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో చెప్పింది, 2021లో మళ్లీ చెప్పింది: ఊరివాణ్ని చదివించు, ఇల్లివ్వు, భార్యకు ఉద్యోగం, పిల్లలకు బడి చూడు, పై చదువుకు దారి చూపు. మన దగ్గర ఇందులో ఒక్కటే పనిచేస్తోంది, సర్వీసులో ఉన్న డాక్టర్లకిచ్చే ఇన్ సర్వీస్ పీజీ కోటా. అందుకే ఆరోగ్య కేంద్రంలో డాక్టర్ బల్లమీద స్టెతస్కోపు పక్కన పీజీ ఎంట్రన్స్ పుస్తకం ఉంటుంది. సీటు రాగానే రెండూ పోతాయి. జాతీయ ఆరోగ్య మిషన్ దగ్గర ఇంకో పద్ధతి ఉంది, "యూ కోట్ వీ పే": స్పెషలిస్టు తన రేటు తానే చెప్పొచ్చు. అంటే డాక్టర్‌కు మారుమూలలో ధర ఉంటుందని సర్కారుకు తెలియక కాదు. తెలిసిన ఆ సంగతి జీతాల పట్టికకు ఇంకా రెఫర్ కాలేదు.

2025 ఆగస్టులో వైద్య విధాన పరిషత్ ఆస్పత్రులకు 1,616 మంది స్పెషలిస్టుల నియామక ప్రకటన వచ్చింది. సంతోషం. ఆ కొత్తవాళ్లు ఏడాది తిరక్కుండా అప్పా జంక్షన్ కార్లలో సర్దుకోకుండా ఉండాలంటే నాదొక చిన్న సూచన. ఖర్చు తక్కువ. జీతాల పట్టిక తయారుచేసే ఆర్థిక శాఖ ఉన్నతాధికారులు విడతకు ఇద్దరు చొప్పున ఆర్నెల్లు జైనూర్‌లో క్యాంపు ఆఫీసు పెట్టాలి. ఫైళ్లన్నీ కంప్యూటర్లోనే కదులుతాయి గనక ప్రభుత్వ పనికి ఆటంకం ఉండదు. సిగ్నల్ అందకపోతే గుట్టెక్కాలి, ఆశా అక్కలు రోజూ ఎక్కుతున్నదే. ఇంటావిడకు గచ్చిబౌలిలో ఉద్యోగమైతే కంపెనీతో మాట్లాడుకోవాలి. పిల్లలను అక్కడి బడిలోనే వేయాలి. ఆరు వారాల్లో ఆ బడికి లెక్కల టీచర్ వస్తాడని నా నమ్మకం. ఒంట్లో బాగోకపోతే ముందు అక్కడి ఆరోగ్య కేంద్రం, ఆపైన ఆసిఫాబాద్, ఆ తర్వాతే హైదరాబాద్. వరస తప్పడానికి వీల్లేదు. మధ్యలో మీటింగులంటూ నగరానికి రావడం కుదరదు. ఫేస్ అటెండెన్స్ పొద్దున తొమ్మిదికొకటి, సాయంత్రం నాలుగుకొకటి.